చిన్నకోడలికి పడని రవ్వలు

మా తోడికోడలు సత్యవాణి అక్క ఏది ముట్టుకుంటే అది నాకు కావాలనిపిస్తుంది. ఇందులో నా తప్పేమీ లేదు, ఆవిడ చెయ్యి అలాంటిది. బట్టల షాపులో ఎవరూ పట్టించుకోని చీరను ఆవిడ రెండు వేళ్ళతో ఎత్తి, "బానే ఉంది గానీ" అని పక్కన పడేస్తే చాలు, ఇక ఆ చీర కట్టుకోని జన్మ వృథా అనిపిస్తుంది నాకు. కాకినాడలో ఆవిడ తోడుపెట్టిన పెరుగు కత్తితో కోసుకునేలా ఉంటుంది. ఆవిడ దగ్గరే తోడు తెచ్చుకుని రాజమండ్రిలో నేను వేస్తే, అది పెరుగా మజ్జిగా అన్నది తినేవాళ్ళ మంచితనం మీద ఆధారపడి ఉంటుంది.

దానికి తోడు ఆవిడ పెద్దకోడలు. మండపేటలో మా అత్తగారు వీరవేణి గారి ఇంట్లో ఏది పంచినా ముందు పెద్దకోడలు ఏరుకోవాలి, మిగిలింది చిన్నకోడలు తీసుకోవాలి. ఆవకాయ జాడీల దగ్గర్నుంచి ఫ్యాను బాగా తిరిగే గది దాకా ఇదే వరస. మిగిలిన దాన్ని పట్టుకుని, "నేను అసలు ఇదే కావాలనుకున్నానండి" అని మొహం చెడకుండా చెప్పడంలో పెళ్ళయిన దగ్గర్నుంచీ నాకు మంచి సాధన ఉంది.

అలాంటి ఇంట్లో ఈ వేసవిలో రవ్వల దుద్దులు పంచుతానన్నారు అత్తగారు.

ఆ దుద్దులు ఆవిడకు వాళ్ళ అత్తగారు ఇచ్చినవి. మధ్యలో ఒక వజ్రం, చుట్టూ ఆరు, వెనక దిట్టమైన బంగారం. ఇన్నేళ్ళ బరువుకి ఆవిడ చెవి రంధ్రాలు సాగిపోయి, దుద్దులు ఎదుటి మనిషిని చూడటం మానేసి నేల చూపులు చూస్తున్నాయి. ఇంకొన్నాళ్ళు పెట్టుకుంటే చెవి తెగుతుందని డాక్టరు చెప్పాడు. ఉన్నది ఒక జత, కోడళ్ళు ఇద్దరు.

"చెవికొకటి చొప్పున పంచుతావా ఏంటి?" అన్నారు మా మామగారు తాతాజీ గారు.

అందుకని ఈ ఏడాది చేపల చెరువు మీద వచ్చినదంతా పెట్టి, అదే సైజు వజ్రాలతో కొత్త జత కూడా చేయించారు. రాజమండ్రిలో గంగరాజు గారి నగల షాపులో ఇద్దరు కోడళ్ళనీ కూర్చోబెట్టి, రెండు జతలూ నల్ల మఖమలు గుడ్డ మీద పక్కపక్కన పెట్టించారు.

షాపు కప్పు నిండా లైట్లు. ఆ వెలుగులో కొత్త రవ్వలు తెల్లగా, చురుగ్గా, కళ్ళల్లోకి గుచ్చుకునేలా మెరుస్తున్నాయి. పక్కన పాతవి అప్పుడే నిద్ర లేచినట్టు మసకగా ఉన్నాయి.

"రెండూ గుండ్రటివే కదండీ, ఇంత తేడా ఏంటి?" అన్నాను.

"కటింగు తేడా అమ్మా," అన్నారు గంగరాజు గారు. "పాతవి చేత్తో కోసినవి. అప్పుడు ఇన్ని కరెంటు లైట్లు ఎక్కడివి? దీపం వెలుగులో బావుండేలా కోసేవాళ్ళు. పైభాగం ఎత్తుగా ఉంటుంది, పలకలు పెద్దవి. కొత్తవి మిషను మీద లెక్క కట్టి కోస్తారు. పడ్డ వెలుగు పడ్డట్టు పైకి కొట్టేస్తాయి."

సత్యవాణి అక్క భూతద్దం అడిగి తీసుకుని పాత వజ్రంలోకి చూసింది. "మధ్యలో చుక్కలా ఉందేంటండీ? కన్నం పడిందా?"

"కన్నం కాదమ్మా. కింద కొన విరక్కుండా కొంచెం చదును చేసేవాళ్ళు. పైనుంచి చూస్తే చుక్కలా కనిపిస్తుంది."

నేను బీఎస్సీ ఫిజిక్సు. గాజులో కాంతి ఎలా విరుగుతుందో, ఎలా వెనక్కి తిరుగుతుందో బొమ్మ గీసి మరీ మార్కులు తెచ్చుకున్నదాన్ని. అదంతా తోడికోడళ్ళ మధ్య పనికొస్తుందని మా లెక్చరరు గారు ఒక్క ముక్క చెప్పలేదు. చెప్పి ఉంటే ఇంకాస్త శ్రద్ధగా చదివేదాన్ని.

సత్యవాణి అక్క భూతద్దం కింద పెట్టి, కొత్త జతను రెండు వేళ్ళతో ఎత్తింది. ఇంకేముంది, అవి నాకు కావాల్సి వచ్చాయి.

"నేను ఇవి తీసుకుంటానండి అత్తయ్యగారూ. పాతవి దుర్గకి బావుంటాయి. దాని మొహంలో పాతకాలం కళ ఉంది."

"నేను అసలు అవే కావాలనుకున్నాను అక్కా," అన్నాను.

"ఏవీ, ఒకసారి ఇలా ఇయ్యి," అని అత్తగారు కొత్త దుద్దును తన చెవి దగ్గర పెట్టుకున్నారు. "ఎంత తేలిగ్గా ఉందే! ఉన్నట్టే లేదు." అద్దంలోకి ఒక్క క్షణం చూసుకుని, ఎవరో పిలిచినట్టు గబుక్కున పెట్టెలో పెట్టేశారు. అప్పుడు ఆ చూపును ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. నేనూ తీసుకోలేదు, నా చూపంతా సత్యవాణి అక్క చేతిలో పెట్టె మీద ఉంది.

బయటికొచ్చాక అత్తగారు అసలు మాట చెప్పారు. "వజ్రం అందరికీ పడదు. ఒక వారం ఇళ్ళల్లో ఉంచుకుని చూడండి. ఇంట్లో ఏమన్నా తేడా వస్తే పడలేదన్నట్టు. వారం తర్వాత మండపేట వస్తే ఖాయం చేద్దాం."

"ఇవి మీకు ఇన్నేళ్ళు పడ్డాయి కదండీ. మళ్ళీ చూడటమెందుకు?" అన్నాను.

"నాకు పడితే నీకు పడాలని ఏముంది? నీకు పడ్డ మొగుడు దానికి పడతాడా?"

"మరి నాకు కొత్తవి పడకపోతేనో?" అంది సత్యవాణి అక్క.

"అప్పుడు పాతవి నువ్వు తీసుకో. కొత్తవి అది తీసుకుంటుంది."

ఈ మాట వినగానే నా మనసు చల్లబడింది. కొత్త రవ్వలు నాకు రావాలంటే నేను చెయ్యాల్సింది ఏమీ లేదు, అవి కాకినాడలో కాస్త అల్లరి చేస్తే చాలు. నాకు ఇలాంటి వాటి మీద నమ్మకం లేదు. కానీ సత్యవాణి అక్క ఎవరైనా తుమ్మితే వేసుకున్న చెప్పులు విప్పి, కూర్చుని, మంచినీళ్ళు తాగి గానీ గడప దాటదు.

మర్నాడు ఫోను చేశాను. "అక్కా, ఇంట్లో అంతా బాగానే ఉందా?"

"బానే ఉంది. ఎందుకలా అడిగావు?"

"ఏం లేదక్కా. ఊరికే."

ఈ 'ఊరికే' అన్న మాటకి ఉన్న బలం అణుబాంబుకు కూడా లేదు. ఏ ఇంట్లోనైనా ఏ వారంలోనైనా ఏదో ఒకటి పాడవుతూనే ఉంటుంది. వెతికేదాకా అది ఎవరికీ కనబడదు. ఆ తర్వాతి ఫోనుకి ఆవిడ వెతకడం మొదలుపెట్టింది. బావగారి బండికి పంక్చరు. వాషింగ్ మెషీను నీళ్ళు వదలడం లేదు. పనమ్మాయి చెప్పకుండా మానేసింది. నేను ప్రతిదానికీ "అయ్యో" అనడమే తప్ప ఒక్క మాట కలపలేదు.

ఒక పొద్దున్న ఆవిడే చేసింది. గొంతు ఎవరో పోయినట్టుంది.

"దుర్గా, నువ్వు నమ్మవు. పెరుగు తోడుకోలేదే."

నా జీవితంలో అంత మంచి వార్త ఫోనులో రాలేదు. ఆ రోజు మా ఇంటి పలచటి పెరుగుతోనే రెండుసార్లు అన్నం కలుపుకుని తిన్నాను.

కొత్తవి చెడ్డవైతే సరిపోదు, పాతవి మంచివని కూడా తెలియాలి కదా. మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో చిన్న మెసేజి పెట్టాను: 'పాత రవ్వలు ఇంటికొచ్చిన వేళావిశేషం, మావారికి షుగరు బాగా తగ్గింది.' కింద రిపోర్టు ఫోటో. తాపేశ్వరం కాజాల డబ్బా నేను బీరువాలో పెట్టి తాళం వేసిన సంగతి ఆ రిపోర్టులో లేదు. అత్తగారు రెండు చేతులూ జోడించిన బొమ్మ పెట్టారు. సత్యవాణి అక్క చూసినట్టు నీలం గుర్తు వచ్చింది, జవాబు రాలేదు. ఆ నీలం గుర్తులను చాలాసేపు చూసుకున్నాను.

ఇంతవరకూ అన్నీ నేను అనుకున్నట్టే జరిగాయి. ఆ సాయంత్రం ఈదురుగాలి వచ్చి కరెంటు పోయింది.

ఇన్వర్టరు పనిచేయలేదు. మావారు శివరామకృష్ణ గారు దానిలో నీళ్ళు పోస్తానని సంక్రాంతి నుంచి అంటున్నారు. దేవుడి గదిలో దీపం వెలిగించి, చీకట్లో ఇంకేం పని లేక బీరువా అద్దం ముందు నిలబడ్డాను. చెవులకు పాత దుద్దులు ఉన్నాయి. పెట్టుకున్న దగ్గర్నుంచి వాటి మొహం సరిగ్గా చూసింది లేదు. ట్యూబులైటు కింద అవి పెంకుల్లా ఉండేవి.

తల కొంచెం తిప్పాను. చెవి దగ్గర ఎర్రగా ఏదో కదిలింది. నిప్పురవ్వ అనుకుని చెయ్యి వేశాను. మళ్ళీ తిప్పాను. ఈసారి నీలం, వెనకే పసుపు. కొత్తవాటిలా గబగబా మెరిసి ఆరిపోవడం లేదు. ఒక్కో రంగూ నింపాదిగా లేచి, పెద్దగా విచ్చుకుని, ఇంకోదానికి చోటిచ్చి తప్పుకుంటోంది. దీపం రెపరెపలాడితే ఇవి కూడా ఊపిరి తీసినట్టు ఆడుతున్నాయి. మధ్య వజ్రంలో ఆ చిన్న చుక్క మాత్రం కదలకుండా నన్నే చూస్తోంది.

"ఏంటి దుర్గా, చెవులకి నిప్పంటుకుందా?"

గుమ్మంలో మావారు. ఈయన నా చెవులను చూడటం అదే మొదటిసారి. కొత్త చీరకు ధర అడగడమే తప్ప రంగు చూడని మనిషి. కాసేపు అక్కడే నిలబడి, "బావున్నాయి," అన్నారు. నాతో కాదు, వాటితో అన్నట్టు అన్నారు. అయినా వదులుకుంటానా?

కరెంటు వచ్చింది. నేను మెల్లిగా వెళ్ళి స్విచ్చి ఆపేసి, "బల్బు పోయినట్టుందండీ," అన్నాను. ఆ రాత్రి దీపం పెట్టుకుని అన్నాలు తిన్నాం. మర్నాడు సాయంత్రం కూడా మా బల్బు పోయింది.

సరిగ్గా అప్పుడు కాకినాడ నుంచి ఫోను.

"దుర్గా, ఎల్లుండి మండపేట వచ్చెయ్యండి. అత్తయ్యగారికి చెప్పేశాను. కొత్తవి నాకు పడలేదు. పాతవి నేను తీసుకుంటాను. నీకు మంచిదేగా, కొత్తవి వస్తున్నాయి."

"మంచిదే అక్కా," అన్నాను. ఫోను పెట్టేశాక చెవులు రెండూ చేతులతో మూసుకుని కుర్చీలో కూర్చుండిపోయాను. ఆవిడకి వాటిని ఎవరు అంటగట్టారు? నేనే. షుగరు రిపోర్టు ఫోటోతో సహా.

మండపేటలో హాలు నిండా పట్టపగటి వెలుగు. అత్తగారు కిటికీ పక్కన కుర్చీలో, మామగారు పేపరుతో ఉయ్యాల బల్ల మీద. సత్యవాణి అక్క కొత్త దుద్దులు పెట్టెలో పెట్టి, ఆ పెట్టెను కూడా చీర చెంగుతో పట్టుకుని తెచ్చింది. పంక్చరు, వాషింగ్ మెషీను, పనమ్మాయి, పెరుగు అన్నీ వరసగా చెప్పింది. పెరుగు సంగతి రెండుసార్లు చెప్పింది.

"మరి నీకో?" అన్నారు అత్తగారు నావైపు తిరిగి.

పడ్డాయంటే అవి అక్కకు వెళ్ళిపోతాయి. అందుకని, "నాకూ పడలేదండి అత్తయ్యగారూ," అన్నాను.

"అదేంటి?" అన్నారు మావారు. ఈయన నోరు అవసరమైనప్పుడు తెరుచుకోదు. "నాకు షుగరు తగ్గిందిగా!"

"గ్రూపులో కూడా పెట్టావు కదే," అంటూ సత్యవాణి అక్క ఫోను తీసి అందరికీ చూపించింది.

"అదొక్కటే అక్కా. మిగతావి చెప్పలేదు నేను. ఇన్వర్టరు పోయింది. బల్బులు వరసగా పోతున్నాయి. రోజూ దీపం పెట్టుకుని తింటున్నాం. కావాలంటే ఈయన్ని అడుగు."

"అది నిజమే," అన్నారు మావారు. ఒక్కసారైనా పనికొచ్చారు.

సత్యవాణి అక్క మొహం చూడాలి. అటు పెట్టెలో దోషం, ఇటు నా చెవుల్లో దోషం. ఏది ఏరుకోవాలో తెలియక మొదటిసారి ఆవిడ వేళ్ళు గాల్లో ఆగిపోయాయి. ఇదే అదననుకుని నేను లేచి నిలబడ్డాను.

"పోనీలెండి అత్తయ్యగారూ. పెద్దవాళ్ళు పెట్టుకున్న వస్తువు, బయటికి పోకూడదు. చిన్నకోడల్ని, ఉన్న కష్టమేదో నేనే పడతాను. పాతవి నా దగ్గరే ఉండనివ్వండి."

సత్యవాణి అక్క నన్ను కిందనుంచి పైదాకా చూసింది. నేను ఏదైనా కష్టం కావాలని అడగడం ఆవిడ ఎప్పుడూ చూడలేదు.

"పెద్దదాన్ని నేనుండగా నువ్వు కష్టపడటమేంటే? ఆ కష్టం నేను పడతాను. ఇటివ్వు."

"నీకు వాషింగ్ మెషీను కష్టం ఉంది కదక్కా."

"అది బాగైపోయింది. ఇటివ్వు."

"నీ ఆరోగ్యం కూడా అంతంత మాత్రం..."

"నాకేం, రాయిలా ఉన్నాను!"

"ఆగండే," అన్నారు అత్తగారు. "దుర్గా, నీకు పడలేదన్నావు కదా. పడని రవ్వలు చెవులకు పెట్టుకుని ఎందుకొచ్చావు? అది చూడు, పెట్టెను కూడా చేత్తో ముట్టుకోకుండా తెచ్చింది. తీసెయ్ ముందు."

చెయ్యి చెవి దాకా వెళ్ళింది. దుద్దు వెనక మరను పట్టుకున్నాను. అది తిరగలేదు. నేను తిప్పితే కదా తిరగడానికి. హాల్లో అందరూ నా చెవి వైపే చూస్తున్నారు. ఎంతసేపటికీ నా వేళ్ళు అక్కడే ఉండిపోయాయి. నోట్లో ఎప్పుడూ సిద్ధంగా ఉండే మాట, 'నేను అసలు ఇదే కావాలనుకున్నానండి' అన్నది, ఈసారి నిజమై కూర్చుని బయటికి రావడం లేదు.

అత్తగారు నన్ను చూసి నవ్వలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నారు: "మా అత్తగారు అవి నా చేతిలో పెట్టి, ఇలాగే వారం చూడమన్నారు. మూడోనాడు పాడిగేదె చచ్చిపోయింది."

మామగారు పేపరు దించారు. "ఏ గేదె?"

"మీరు కోర్టు పని మీద కాకినాడలో ఉన్నారు. ఎవరికీ తెలీకుండా పాలేరు చేత పొలంలో పూడ్పించేశాను. మా అత్తగారు అడిగితే అంతా బాగానే ఉందండి అన్నాను."

"నాతో మీ పుట్టింటికి తోలించానన్నావు కదే! వాళ్ళకి పాడి లేదు, కొన్నాళ్ళుంచుకుని పంపుతారన్నావు!"

"మరేం చెప్పమంటారు?"

"మీ అన్నయ్య నా గేదె తిరిగివ్వలేదని వాడితో ఈనాటికీ మాటల్లేవు నాకు! వాడి కూతురి పెళ్ళికి కూడా వెళ్ళలేదు!"

"ఇప్పుడు వెళ్ళండి. మా అన్నయ్య మనవరాలి పెళ్ళి రాబోతోంది," అన్నారు అత్తగారు. తర్వాత నావైపు తిరిగారు. "గేదెను పూడ్చుకుని నోరు మూసుకున్నదాన్ని నేను. బల్బు పోయిందని నువ్వు నాకు చెప్తావా? చెయ్యి దించు. అవి నీవే."

నేను చెయ్యి దించాను. కాళ్ళకు దండం పెడదామని వంగాను గానీ, ఏ కారణానికి పెడుతున్నానో అడుగుతారేమోనని మళ్ళీ లేచాను.

"మరి నాకండీ?" అంది సత్యవాణి అక్క. "పెద్దకోడల్ని కదా!"

"ముందు ఏరుకోమన్నాను, ఏరుకున్నావు. రెండోసారి ఏరుకోవడం మన ఇంట్లో లేదు. కొత్తవి నీవే."

"అవి నాకు పడలేదండీ! పెరుగు..."

"పడేలా చేస్తాను. ఇటియ్యి. దోషమేదో ముందు నా మీద పోనీ. అన్నవరం వెళ్ళి సత్యనారాయణ స్వామి వ్రతం చేయించి, కొండ దిగాక తీసి నీ చేతిలో పెడతాను."

అత్తగారు పెట్టె తెరిచి, ఆ తేలికపాటి దుద్దులను ఒక్కొక్కటిగా, ఎవరి సాయం లేకుండా చెవులకు పెట్టుకున్నారు. అద్దం అడగలేదు. కిటికీలోంచి ఎండ సరిగ్గా చెంప మీద పడుతోంది. ఆవిడ అటు తిరిగితే గోడ మీద, ఇటు తిరిగితే మామగారి పేపరు మీద తెల్లటి చుక్కలు చెల్లాచెదురుగా పరుగెత్తాయి. నేల చూపుల దుద్దుల వెనక ఇన్నాళ్ళూ దాక్కున్న మొహం ఒక్కసారి పైకి లేచింది. పదేళ్ళు తగ్గినట్టున్నారు. ఆవిడ జీవితంలో ఆవిడ కోసమని ఎవరూ రవ్వలు కొనలేదు.

గేదె సంగతి మరిచిపోయి మామగారు పేపరు పూర్తిగా పక్కన పెట్టేశారు.

తిరిగి వచ్చేటప్పుడు రాజమండ్రిలో ఏదో పనుందని సత్యవాణి అక్క కూడా మా కారే ఎక్కి, వెనక సీట్లో నా పక్కన కూర్చుంది. ద్వారపూడి దాటాక సత్యవాణి అక్క అంది: "అత్తయ్యగారికి భలే ఉన్నాయి కదే?"

"ఊఁ," అన్నాను.

"షాపులో నాకు అంత బావున్నాయా?"

"లేదక్కా."

"నీకూ ఉండేవి కావులే," అంది. ఆ క్షణంలో ఆవిడ మీద నాకు ఎన్నడూ లేనంత ఆపేక్ష పుట్టింది. ఇద్దరం ఒకే మనిషిని చూసి కుళ్ళుకోవడం మాకు అదే మొదలు.

అన్నవరం ప్రయాణం ఇంకా కుదరలేదు. ఒకసారి ఎండలు ఎక్కువన్నారు, ఒకసారి మోకాళ్ళ నొప్పులన్నారు, తర్వాత మూఢం వచ్చిందన్నారు. మామగారు కూడా తొందరేముందనే అంటున్నారు. ఈమధ్య అత్తగారు తన అన్నయ్య ఇంట్లో పెళ్ళికి ఆ దుద్దులతోనే వెళ్ళి, ఫోటోలు గ్రూపులో పెట్టారు. సత్యవాణి అక్క దండాల బొమ్మ పెట్టింది, నేను కూడా పెట్టాను. తర్వాత ఇద్దరం విడిగా ఫోనులో గంటసేపు మాట్లాడుకున్నాం.

నిన్న సాయంత్రం మళ్ళీ అక్కే ఫోను చేసింది. నేను వంటింట్లో ఉన్నాను. దీపం దేవుడి గదిలో ఉంది, స్టవ్వు మీద పాలు ఉన్నాయి, నేను మైక్రోవేవ్ తలుపు అద్దంలో నా కుడి చెవి చూసుకుంటున్నాను. అంతలో పాలు పొంగి గట్టు మీద నుంచి నేల దాకా కారాయి. హడావిడిగా గిన్నె దించబోతే మిక్సీ జారు కిందపడి రెండు ముక్కలైంది.

"దుర్గా," అంది సత్యవాణి అక్క చాలా మృదువుగా. "ఇంట్లో అంతా బాగానే ఉందా?"

కాలితో జారు ముక్కలను స్టవ్వు గట్టు కిందికి తోశాను.

"అంతా బాగానే ఉందక్కా. ఎందుకలా అడిగావు?"

"ఏం లేదు. ఊరికే."